పుట్టింటి బంగారంలో ఒక పోలిక

మా కుటుంబంలో ఒక బంగారు బిళ్ళ ఉంది. పాత రూపాయి నాణెమంత వెడల్పు. దాని మీద ఒక స్త్రీ ముఖం. ఈమధ్య ఒక గృహప్రవేశంలో, భోజనాల పంక్తిలో, మా బంధువుల్లో చదువుకున్న యువకుడొకడు దానిని "దయ్యం బిళ్ళ" అని పేర్కొని, చనిపోయిన మొదటి భార్య పీడించకుండా రెండో భార్య మెడలో కట్టే తాయెత్తు అని పక్కవారికి వివరిస్తుండగా విన్నాను. పంక్తిలోని వారు నవ్వారు. విస్తరి ముందు వాదానికి దిగే అలవాటు నాకు లేదు కనుక ఊరుకున్నాను. ఆచారం గురించి అతడు చెప్పింది చాలా ఇళ్ళ విషయంలో నిజమే. ఈ ఒక్క బిళ్ళ విషయంలో మాత్రం అది పూర్తిగా అబద్ధం. ఆ బిళ్ళ మా ఇంటికి వచ్చిన రోజున గదిలో ముగ్గురం ఉన్నాం. మా అమ్మ ఇప్పుడు లేదు. బిళ్ళను ధరించే ఆమె దానిని గురించి ఎవరితోనూ మాట్లాడదు. మిగిలినవాణ్ణి నేను. నాకు తెలిసినది రాసిపెట్టకపోతే, పంక్తిలో నవ్విన మాటే రేపటికి చరిత్ర అవుతుంది.

ముందుగా ఆచారాన్ని చెప్పాలి. మా చిత్తూరు వైపు, ముఖ్యంగా భూమిని నమ్ముకున్న కుటుంబాలలో, భార్య ముత్తైదువగా పోయి భర్త మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, పోయినామె రూపాన్ని చిన్న బంగారు రేకు మీద కొట్టించి, కొత్తగా వచ్చినామె మెడలో కట్టేవారు. కొందరు దానిని సవతి బిళ్ళ అంటారు. మా ఇంట్లో అక్క బిళ్ళ అనేవారు. ఎందుకంటే రెండో భార్య, తాను ఎన్నడూ చూడని ఆ మొదటి ఆమెను, అక్క అనే పిలవాలి. బంగారం పోయినామె పుట్టింటిదై ఉండాలి. పుట్టింటి పెద్ద చేతుల మీదుగానే అది మెడలో పడాలి. ఈ రెండు నియమాలూ తప్పరానివి. ఇక రూపం అంటారా, అది ఎవరి రూపమూ కాదు. కంసాలి దగ్గర ఒక కంచు అచ్చు ఉంటుంది. అందులో ఒక స్త్రీ నిటారుగా నిలబడి, నడినెత్తిన పాపిడితో, చేతులు జోడించి ఉంటుంది. పోయినవారు పొట్టివారైనా పొడుగువారైనా, ఇరవై ఏళ్ళకు పోయినా నలభైకి పోయినా, బిళ్ళ మీద అందరికీ అదే నిలుపు, అదే ముఖం.

నా చెల్లెలు తొంభైల తొలి సంవత్సరాలలో పచ్చకామెర్లతో పోయింది. నగరి దగ్గరి ఒక పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబానికి దానిని ఇచ్చాం. పిల్లలు లేరు. మేము అప్పటికి తిరుచానూరులో స్థిరపడ్డాం. నేను తిరుపతిలో ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుణ్ణి. నాయన అంతకు చాలా ముందే కాలం చేశారు. చెల్లెలి కర్మకాండలు ముగిసిన తరువాత మా అమ్మ దాని మాట ఎత్తడం మానేసింది. ఏడవలేదని కాదు. ఏడ్చినన్నాళ్ళు ఏడ్చింది. తరువాత ఒకరోజు దాని వస్తువులు ఒక ఇనుపపెట్టెలో పెట్టి తాళం వేసింది. అప్పటి నుండి ఎవరైనా దాని ప్రస్తావన తెస్తే లేచి వంటింట్లోకి వెళ్ళేది. నేను దానిని నిగ్రహమని భావించి గౌరవించాను. దుఃఖానికి ఒక హద్దు ఉండాలని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను.

ఏడాది గడిచాక చెల్లెలి భర్త మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మా అనుమతి అడిగే చేసుకున్నాడు. మర్యాద తెలిసిన మనిషి. పెళ్ళికూతురు సత్యవేడు వైపు అమ్మాయి. ఆ తరువాతి సంవత్సరం ఆమెకు కడుపు నిలవలేదు. ఒకసారి కాదు, రెండోసారి కూడా. అప్పుడు వారి ఇంటి పెద్దలు లెక్కలు వేసి, మొదటి ఆమెకు బిళ్ళ చేయించలేదన్న సంగతి పట్టుకున్నారు. అతడు తన పెద్దమ్మను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చి, తలవంచుకుని విషయం చెప్పాడు. పుట్టింటి బంగారం కావాలి, అమ్మ చేతుల మీదుగా కట్టాలి అన్నాడు. ఆ పెద్దమ్మ మాత్రం తలవంచుకోలేదు. పోయిన మనిషికి ఆశ తీరకపోతే పచ్చని సంసారాన్ని పట్టుకుంటుందని, అది లోకంలో ఉన్నదేనని, ఇందులో తప్పు పట్టేదేమీ లేదని చెప్పుకుపోయింది.

అమ్మ వంటింటి గడపలో నిలబడి అంతా విన్నది. తరువాత చాలా నెమ్మదిగా ఇలా అన్నది:

"నా బిడ్డ బతికుండంగానే ఎవుర్నీ ఒక మాట అనింది లేదు. సచ్చినాక ఎవుర్ని పట్టుకుంటాది? మీ ఇంట్లో కష్టానికి నా బిడ్డ పేరు పెట్టబాకండి. బంగారం ఇయ్యను. నా చేత్తో కట్టను."

అతడు నా వంక చూశాడు. పుట్టింటి పెద్దగా నేను కూడా కట్టవచ్చు; ఆచారం దానిని నిషేధించదు. కానీ అమ్మ బతికి ఉండగా, ఆమె వద్దన్న పనిని ఆచారం పేరుతో నేను చేయడం క్రమం కాదు. ఆ మాటే చెప్పి పంపాను.

కొన్ని వారాల తరువాత, ఒక శనివారం మధ్యాహ్నం, ఆ సత్యవేడు అమ్మాయే ఒంటరిగా నగరి బస్సు దిగి వచ్చింది. చేతిలో సంచి, సంచిలో నాలుగు మునక్కాయలు. నేను వరండాలో జవాబు పత్రాలు దిద్దుతున్నాను. లోపలికి రమ్మన్నాను. అమ్మ ఆమెను చూసి, మంచినీళ్ళ చెంబు తెచ్చి బల్ల మీద పెట్టి, పలకరించకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. బిళ్ళ కోసం వచ్చి ఉంటే శ్రమ వృథా అని నేను ముందే చెప్పాను. దానికి ఆ అమ్మాయి నొచ్చుకోలేదు.

"బిళ్ళకు కాదన్నా. ఒకటి అడగదామని వచ్చినా. అక్క ఎట్లుండేది?"

ఎలా అంటే ఏమిటని అడిగాను.

"ఆ ఇంట్లో నేను ఏది ముట్టుకున్నా అక్కదే. అక్క ఉప్పు డబ్బా, అక్క చేట. పప్పులో ఉప్పెక్కువైతే అక్క ఇట్ల సేసేది కాదంటారు. యాడ కూసునేదో, యాడ పండుకునేదో అన్నీ సెప్పినారు. మొగం ఎట్లుండేదో ఒకురూ సెప్పలా."

పెళ్ళి ఫోటోలు లేవా అన్నాను.

"ఉండాయి. అన్నిట్లో తల వొంచుకోనే ఉండాది. పైన బాసికం, సుట్టూ పూలు, కింద గడ్డం. ఒట్టి గడ్డంతో నేనేం మాట్లాడేది?"

నాకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. ఆమె మాత్రం నవ్వడానికి చెప్పలేదు. కడుపు నిలవలేదని ఇంట్లోవారంతా భయపడుతున్నారని, తనకు మాత్రం భయం లేదని, తెలియని మనిషి గనుకనే వారు భయం చెబుతున్నారని, తెలిసిన మనిషైతే ఎవరికి మాత్రం భయమేస్తుందని అన్నది. కంసాలి అచ్చులో కొట్టిన బొమ్మ తన మెడలో వేసుకోనని కూడా చెప్పింది. ఆ బొమ్మ ఎవరిదో తనకు తెలియదట. వేసుకుంటే అక్క ముఖమే వేసుకుంటుందట. అది కూడా అమ్మ చేత్తో కడితేనే.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పాను. నేను శిల్పశాస్త్రం కొంత చదివినవాణ్ణి. పూజకు నిలిపే రూపానికి లక్షణం ఉండాలి గాని పోలిక ఉండకూడదని పూర్వులు ఊరికే అనలేదు. మన ప్రాంతపు పాత గుళ్ళలో, గడప దాటగానే నేల రాళ్ళ మీద, సాష్టాంగపడిన భక్తుల బొమ్మలు చెక్కి ఉంటాయి. ఒకప్పుడు ఆ బొమ్మలకు ముఖాలు ఉండే ఉంటాయి. వందల ఏళ్ళుగా పాదాలు తొక్కి తొక్కి కళ్ళూ ముక్కులూ అరిగిపోయాయి. చేతులు చాచి పడుకున్న తీరు మాత్రం నిలిచింది. దానిని చూసి నేటికీ ఎవరైనా, ఇది నమస్కారమని గుర్తిస్తారు. పోలిక దానిని గుర్తుపట్టే చివరి మనిషితోనే పోతుంది. నిలుపు పోదు. అచ్చు బొమ్మ ఎవరిదీ కాకపోవడం లోపం కాదు; అందుకే అది పోయినవారందరిదీ అవుతుంది. ఇదంతా ఆ అమ్మాయికి, పాఠశాలలో చెప్పినట్టే, క్రమంగా చెప్పాను.

ఆమె శ్రద్ధగా విన్నది. విని, ఒక్క మాట అన్నది.

"గుర్తుపట్టేదానికి కాదన్నా. నేను అక్కను సూడనేలేదు, ఏమని గుర్తుపడతా? నేర్సుకునేదానికి."

ఆమె అడిగినది న్యాయమైన ప్రశ్న కనుక, నా చెల్లెలి రూపాన్ని వర్ణించడానికి పూనుకున్నాను. సామాన్యమైన ఎత్తు, చామనచాయ, కోలముఖం అన్నాను.

వంటింట్లోంచి గిన్నె దించిన చప్పుడు. వెంటనే అమ్మ గొంతు.

"కోలమొగమా? యాడ సూసినావురా నువ్వు? గుండ్రంగా ఉండేది. నీకు పిలకాయల మార్కులు తెలుసు గాని మొగాలు యాడ తెలుసు."

నేను సవరించుకుని, విశాలమైన నుదురు అన్నాను. నుదురు కాదు, జుట్టు పైకి లేచి ఉండేది అని మళ్ళీ గొంతు. ఈసారి గడప దగ్గర నుంచి. ముందర నెత్తి మీద సుడి ఉండేదని, ఎంత నూనె పెట్టి దువ్వినా పాపిడి నడిమిన నిలిచేది కాదని, ఎడమ పక్కకే జారేదని, దాంతో ఊళ్ళో వాళ్ళు దానిని సినిమా పాపిడి అని ఎగతాళి చేసేవారని అమ్మ చెప్పింది. చెబుతూ చెబుతూ ముందు గదిలోకి వచ్చింది. ముక్కుపుడక కుడివైపు. నవ్వితే పై పెదవి ఒక పక్కనే లేచేది. పళ్ళు కనిపించకుండా నవ్వాలని ఎంత తిట్టినా వినలేదట. చెల్లెలు పోయిన తరువాత అమ్మ దాని ముఖం గురించి వరుసగా నాలుగు మాటలు మాట్లాడటం అదే మొదలు. ఆ అమ్మాయి కదలకుండా వింటూ, ఒక్కొక్క మాటకూ తన ముఖం మీద వేలితో ఆ చోటు చూపించుకుంటున్నది. ఇక్కడా? ఈ పక్కనా? అమ్మ అవుననో కాదనో తల ఊపుతున్నది.

తరువాత అమ్మ ఇనుపపెట్టె తెరిచింది. అందులోంచి చెల్లెలి చెవి కమ్మలు, ఒక ఫోటో బయటకు తీసింది. ఆ ఫోటో పెళ్ళి సంబంధాలకు పంపడం కోసం నేనే తిరుపతిలో ఒక స్టూడియోకు తీసుకువెళ్ళి తీయించినది. తల ఎత్తి, కెమెరాకేసి సూటిగా చూస్తున్న ఫోటో దాని జీవితంలో అదొక్కటే.

"బంగారం ఇస్తా ఉండా," అన్నది అమ్మ. "కట్టేది మాత్రం ఇప్పుడు సెప్పను. బిళ్ళ తెచ్చి నాకు సూపించండి. అది నా బిడ్డైతే నా చేత్తో కడతా. కాకపోతే అమ్మవారి హుండీలో ఏస్తా. మళ్ళా ఎవురూ నన్ను అడగబాకండి."

కాబట్టి వ్యవహారమంతా ఇప్పుడు పోలిక మీద నిలబడింది. నాకు అది నచ్చలేదు. గోరంత బంగారంలో మనిషి పోలిక తేవడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ షరతు స్పష్టంగా ఉంది, పెట్టడానికి అధికారం ఉన్నవారు పెట్టారు. నేను అమలు చేయవలసినవాణ్ణి.

తిరుపతిలో మా కుటుంబానికి అలవాటైన ఒక కంసాలి ఆచారి ఉండేవాడు. వాళ్ళ నాన్న కొట్టిన తాళిబొట్లే మా నాయనమ్మ మెడలోనూ ఉండేవట. మాటకారి. మరుసటి ఆదివారం ఆ అమ్మాయిని తీసుకుని అతడి దగ్గరకు వెళ్ళాను. అతడు ముందు తన పాత అచ్చు తీసి చూపించాడు: నిలువెత్తు బొమ్మ, జోడించిన చేతులు. ఇందులో ముఖం ఆవగింజంత ఉంటుందని, అందులో పోలిక తెమ్మంటే బ్రహ్మదేవుడు కూడా చేతులెత్తేస్తాడని అన్నాడు. పోలిక కావాలంటే భుజాల వరకే చేసి ముఖం పెద్దది చేయాలి. కానీ పూజ అందుకునే బొమ్మను సగానికి కోయడం దోషమని, అలాంటి పని తమ వంశంలో ఎవరూ చేయలేదని వెనక్కి తగ్గాడు. ఆ విషయంలో నేను ఆచారితో ఏకీభవించాను. శాస్త్రం కూడా అదే చెబుతుంది.

"సగం మనిషిని నేను కొట్టను తల్లీ," అన్నాడు అతడు.

"కాళ్ళుంటే లేసి ఎల్లిపోతాది, ఆచారీ," అన్నది ఆ అమ్మాయి. "ఈ మాత్రముంటేనే నా కాడ కుదురుగా ఉంటాది."

ఆచారి పగలబడి నవ్వాడు. నవ్విన తరువాత, ఆ బేరంలో ఓడిపోయినట్టు తనే అంగీకరించి ఫోటో తీసుకున్నాడు. భుజాల దగ్గర చీర మడతలు తామరరేకుల్లా చుట్టి, కోసినట్టు కనిపించకుండా చేస్తానని నాకు నచ్చజెప్పాడు. అది సబబైన పరిష్కారమే.

ఈ పని జరిగే తీరు కొంత చెప్పాలి. లేకపోతే తరువాత జరిగినది అర్థం కాదు. ఆచారి ఉలితో బంగారం మీద నేరుగా బొమ్మ చెక్కడు. ముందు ఒక కంచు దిమ్మె మీద బొమ్మను గుంటగా తొలుస్తాడు. ముక్కు ఎత్తుగా రావాలంటే అక్కడ లోతుగా తొలవాలి. ఆ గుంట మీద పలచని బంగారు రేకు పరచి, దాని మీద సీసపు ముక్క పెట్టి సుత్తితో కొడతాడు. రేకు గుంటలోకి దిగుతుంది. తీసి తిరగేస్తే బొమ్మ ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. వెనుక బోలుగా ఉన్న చోట లక్క నింపుతాడు.

నెల పైచిలుకు తరువాత బిళ్ళ సిద్ధమైందని కబురు వచ్చింది. అమ్మ శుక్రవారం నిర్ణయించింది. ఆ అమ్మాయి ఉదయమే తిరుచానూరు వచ్చేసింది. నేను పాఠశాలకు సెలవు పెట్టి ఆచారి దుకాణానికి వెళ్ళాను. అతడు బిళ్ళను ఎర్రని గుడ్డ మీద పెట్టి నా ముందుకు జరిపాడు.

పని గొప్పగా ఉంది. దానిని నేను దాచను. గుండ్రని ముఖం, కొద్దిగా లేచిన పై పెదవి, సూటి చూపు. కానీ చూసిన మొదటి క్షణంలోనే నాకు ఏదో అపసవ్యంగా తోచింది. ఫోటో పక్కన పెట్టి చూశాను. ముక్కుపుడక ఎడమవైపు ఉంది. పాపిడి కుడికి జారింది. పెదవి అవతలి పక్కన లేచింది. మొత్తం ముఖం తలకిందులు కాదు, కుడి ఎడమలయింది.

ఆచారీ, పాపిడి ఎటు ఉండాలి అని అడిగాను. అతడు సరిగ్గానే చేశానని, కావాలంటే చూడమని, కంచు దిమ్మె తెచ్చి ఫోటో పక్కన పెట్టాడు. దిమ్మెలోని గుంటకూ ఫోటోకూ వెంట్రుకవాసి తేడా లేదు. తరువాత దిమ్మె పక్కన బిళ్ళ పెట్టాడు. అప్పుడు తేడా అతడికే కనిపించింది. గుంటలో కుడిగా ఉన్నది రేకు మీద ఎడమ అవుతుంది. అది అతడికి తెలియని సంగతి కాదు. అయితే జీవితమంతా అతడు కొట్టిన అచ్చులన్నీ నడిమి పాపిడివి, జోడించిన చేతులవి, రెండు పక్కలా ఒకే తీరుగా ఉండేవి. వాటిలో కుడి ఎడమల బెడద లేదు. ఒక పక్కకు ఒరిగిన మనిషిని అతడు చేయడం అదే మొదటిసారి. నేను చెప్పిన లక్షణానికీ పోలికకూ మధ్య ఉన్న తేడా ఇదేనని అక్కడే అతడికి విశదం చేశాను. అతడు కోపగించుకోలేదు. బిళ్ళ కరిగించి, కొత్త దిమ్మె తొలిచి మళ్ళీ చేస్తానని, ఇంకో నెల గడువు కావాలని అన్నాడు. అలాగే చేయమన్నాను. అయితే ఇంట్లో ఇద్దరు స్త్రీలు ఎదురుచూస్తున్నారు. వారికి కారణం చూపాలి కనుక, బిళ్ళను ఆ పూటకు ఇంటికి తీసుకువెళ్ళి సాయంత్రం తిరిగి ఇస్తానని చెప్పి బయలుదేరాను.

ఇంటికి వచ్చి, బిళ్ళ చూపించే ముందే జరిగిన పొరపాటు చెప్పాను. అందులో ఆచారి దోషం ఎంత, పని స్వభావం ఎంత అన్నది కూడా వివరించాను. ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. మరో నెల అంటే వారి ఇంట్లో ఏమంటారో ఆమెకు తెలుసు. పైగా హుండీ మాట ఆమె మరచిపోలేదు. అమ్మ నా వివరణ పూర్తి కాకముందే చేయి చాచింది.

బిళ్ళను కిటికీ దగ్గరకు తీసుకువెళ్ళింది. కళ్ళద్దాలు పైకి తోసి, దగ్గరగా పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. ఆ అమ్మాయి నిలబడిన చోటే నిలబడి ఉంది.

"ఏం తప్పురా ఇందులో," అన్నది అమ్మ చివరికి. "ఇట్లనే ఉండేది."

ఫోటో ఆమె ముందు పెట్టి, ముక్కుపుడక చూపించాను.

"ఫోటో నీకు. నేను దాని మొగం తీరిగ్గా సూసిందంతా అద్దంలోనే."

ఆ మాట నాకు వెంటనే బోధపడలేదు. అమ్మ చెప్పగా తెలిసింది. బడికి వెళ్ళే వయసు నుండి పెళ్ళి నాటి వరకు, ప్రతి ఉదయం, అమ్మ చెల్లెలిని గోడ అద్దం ముందు కూర్చోబెట్టుకుని వెనుక తాను కూర్చుని జడ వేసేది. తక్కిన పొద్దంతా అది కాలు నిలవని పిల్ల. ఎదురుగా నిలబడి ముఖం చూపించిన సందర్భమే తక్కువ. జడ వేసేటప్పుడు మాత్రం కదలడానికి వీల్లేదు. తల్లీబిడ్డలిద్దరూ ఒకే వైపు తిరిగి, అద్దంలో ఒకరినొకరు చూసుకుంటూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ ఉండేవారు. అద్దం కుడి ఎడమలను మారుస్తుంది. అమ్మకు తెలిసిన బిడ్డ ఆ అద్దంలోని బిడ్డ. ఆచారి పొరపాటు, ఎవరూ అనుకోకుండా, సరిగ్గా ఆ ముఖాన్నే బంగారంలో దించింది.

అమ్మ కొత్త అమ్మాయి వైపు తిరిగింది. ఆమెతో నేరుగా మాట్లాడటం అదే మొదలు.

"రామ్మే. ఇట్ల వచ్చి కూసో."

ఆ అమ్మాయి అద్దం ముందు కూర్చుంది. అమ్మ వెనుక కూర్చుని, ఆమె జడ విప్పి, దువ్వెన తీసుకున్నది. ఆచారంలో జడ వేయాలన్న నియమం ఏదీ లేదు. నేను ఆ మాట అనలేదు. నెమ్మదిగా దువ్వి, చిక్కులు తీసి, పాపిడి నడిమిన తీసి, గట్టిగా అల్లింది. తరువాత బిళ్ళను పసుపుతాడుకు గుచ్చి మెడలో కట్టింది. కట్టి, ఆమె భుజం మీదుగా అద్దంలోకి చూస్తూ అన్నది:

"బయపడి ఏసుకోబాక. బయమేసిన దినం తీసి పెట్టెలో పెట్టు. ఇది మీ అక్క, అంతే."

ఆ అమ్మాయి అద్దంలో తన మెడ కేసే చూస్తున్నది. తరువాత, తల తిప్పకుండానే, నా వైపు చేయి చాచింది.

"అన్నా, ఆ ఫోటో ఇట్లియ్యి."

ఇచ్చాను. ఆమె ఫోటోను ఒళ్ళో పెట్టుకుని, ఒకసారి దానినీ ఒకసారి అద్దాన్నీ చూసింది. నన్ను కూడా వచ్చి చూడమన్నది. నేను వంగి చూశాను. అద్దంలో, ఆమె మెడలోని ముఖానికి ముక్కుపుడక ఫోటోలో ఉన్న వైపే ఉంది. పాపిడి ఫోటోలో ఉన్న వైపే జారి ఉంది. పెదవి కూడా. రేకు మీద తిరగబడినది అద్దంలో మళ్ళీ తిరగబడి, నా చెల్లెలు లోకానికి ఎలా కనిపించేదో అలా కనిపిస్తున్నది. బిళ్ళను ఎదురుగా నిలబడి చూస్తే అమ్మకు తెలిసిన బిడ్డ. వేసుకున్నామె అద్దంలో చూసుకుంటే, ఆమె నేర్చుకోవాలనుకున్న అక్క. ఒకే రేకు ఇద్దరికీ సరిగ్గా ఉంది. నేను రెండుసార్లు సరిచూశాను. సందేహం లేదు.

"అయ్యోరికి ఒప్పుదలేనా?" అన్నది అమ్మ, దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీస్తూ.

నా అభ్యంతరాన్ని ఉపసంహరించుకుంటున్నానని చెప్పాను. ఆ సాయంత్రం తిరుపతి వెళ్ళి, కొత్త దిమ్మె తొలవనవసరం లేదని ఆచారికి తెలియజేశాను.

ఆ తరువాత ఆ అమ్మాయి రెండు మూడు నెలలకొకసారి బస్సు ఎక్కి వచ్చేది. నాకు కాఫీ పెట్టి, అమ్మ ముందు జడ విప్పుకుని కూర్చునేది. ఇద్దరూ అద్దంలోకి చూస్తూ గంటల తరబడి మాట్లాడుకునేవారు. ఎక్కువగా చెల్లెలి సంగతులే. దాని అల్లరి, దాని మొండితనం. కొన్ని నాకే తెలియనివి. ఆమె సత్యవేడు యాస విని అమ్మ వెక్కిరించేది. ఆమె "రొంబ బాగుండాది" అంటే, ఇది తెలుగా అరవమా అని అడిగేది. అమ్మ రెండువేల సంవత్సరం దాటిన తరువాత కాలం చేసింది. కూతురు చేయవలసినవన్నీ ఆమే చేసింది. ఎవరూ ఆమెను చేయమని అడగలేదు. ఎవరూ వద్దని అనలేదు. బంధువులలో ఒకరు, ఈమె ఏమవుతుందని నన్ను అడిగినప్పుడు, చెల్లెలు అని జవాబిచ్చాను. అది వరుస ప్రకారం సరైన జవాబే.

ఆ తరువాత ఆమెకు కడుపు నిలిచిందా, బిడ్డలు కలిగారా అని అడిగేవారు ఉంటారు. ఆ ప్రశ్నకు నేను ఇక్కడ జవాబు రాయను. అవునని రాస్తే బిళ్ళ మహిమ అంటారు. కాదని రాస్తే బిళ్ళ పనిచేయలేదంటారు. రెండింట ఏది రాసినా అది మళ్ళీ తాయెత్తే అవుతుంది. అది తాయెత్తు కాదు. ఒక మనిషి ముఖం, ఆ ముఖాన్ని పోగొట్టుకున్న ఒకామెకూ, ఎన్నడూ చూడని మరొకామెకూ మధ్య నిలిచిన రూపం. రూపం విషయంలో నా సిద్ధాంతాన్ని నేను మార్చుకోలేదు. నిలుపే నిలుస్తుంది, పోలిక పోతుంది. గుళ్ళోని నేలరాళ్ళు ఆ మాటే చెబుతున్నాయి. అయితే పోలిక పోయేలోగా చేయవలసిన పని ఒకటి ఉందని, అది కొత్తవారికి దానిని నేర్పడమని, ఆ సిద్ధాంతానికి ఒక అనుబంధం చేర్చుకున్నాను.

ఇందులో నేను నా కళ్ళతో చూసినదే రాశాను. అయినా రాసినదంతా నిర్దోషమని చెప్పుకోను. సంవత్సరాల వరుసలో నేను తడబడి ఉండవచ్చు. ఈ ఆచారానికి మదనపల్లె వైపు, పలమనేరు వైపు వేరే పేరు ఉంటే అది నాకు తెలియదు. కంసాలి పనిలో దిమ్మెకూ అచ్చుకూ నేను వాడిన మాటలు ఆ వృత్తివారికి తప్పుగా తోచవచ్చు. అమ్మ మాటలు విన్న యాసలోనే దించడానికి ప్రయత్నించాను. ఎక్కడైనా నా బడి భాష అందులో చొరబడి ఉంటే, ఆమె మాట ఎరిగిన మా పేటవారు దానిని గుర్తుపట్టగలరు. ఇటువంటి దోషాలు కనిపించినవారు, ఇది తప్పు అని ఊరుకోకుండా, సరైనది ఏమిటో కూడా చెప్పి నన్ను దిద్దవలసిందిగా కోరుతున్నాను. నలభై ఏళ్ళు ఇతరుల తప్పులు దిద్దినవాణ్ణి, దిద్దించుకోవడానికి వెనుకాడను.